చక్రం ఊడకూడదు, రూలు తప్పకూడదు

అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ఒక విషయంలో చాలా కచ్చితంగా ఉంటుంది. పావు మైలును 10.99 సెకన్లలోనో అంతకంటే త్వరగానో దాటే కారు సాధారణంగా, కంపెనీ బిగించిన వెనక ఇరుసుతో బరిలోకి దిగడానికి వీల్లేదు. బయటి మార్కెట్లో దొరికే గట్టి ఇరుసు వేయించుకోవాలి. అది విరిగినా చక్రం కారును వదిలి పోకుండా పట్టి ఉంచే ఏర్పాటూ ఉండాలి. అదే దేశంలో 1944లో పుట్టి, ఔత్సాహికుల పోటీలు నడుపుతున్న ఎస్‌సీసీఏ దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. ఆ సంస్థ ‘ఇంప్రూవ్డ్ టూరింగ్’ తరగతిలో కంపెనీ ముక్కకు బదులు బయట కొన్న ముక్క వేసుకోవచ్చు. అయితే కొలతల్లోనూ లోహంలోనూ అది అసలుకు అచ్చంగా సమానమై ఉండాలి. అసలు దానికంటే గట్టిదైతే, ఆ గట్టిదనమే తప్పవుతుంది.

ఒక రూలు పుస్తకం తప్పనిసరి చేసే పని మరొక పుస్తకంలో అనర్హతకు దారి తీస్తోంది. ఈ పేచీ ఎక్కువగా రాజుకునేది కారులో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక భాగం దగ్గర. అదే హబ్. చక్రాన్ని మోస్తూ తిరిగే ఈ ఇనుప ముక్కకే బ్రేక్ డిస్కు తగులుకుని ఉంటుంది, చక్రాన్ని పట్టే స్టడ్లూ దీనిలోనే దిగి ఉంటాయి. లోపల బేరింగ్, ఆ బేరింగ్‌లో కందెన. మామూలు రోడ్డు మీద ఏళ్ల తరబడి దీని గురించి ఆలోచించే పని ఉండదు. రేస్ ట్రాక్ మీద ఒక్క సీజన్‌లోనే మోత మొదలవుతుంది.

కారణం అర్థం కావాలంటే కొద్దిగా లెక్క వేయాలి. డ్రైవరుతో కలిపి 1,050 కిలోల కారు ఒకటి 1.1 జీ, అంటే భూమి ఆకర్షణకు 1.1 రెట్ల బలంతో మలుపు తిరుగుతోందనుకుందాం. నాలుగు టైర్లూ కలిసి పక్కకు పట్టే బలం 11,000 న్యూటన్లు దాటుతుంది. అందులో నలభై శాతం బయటివైపు ముందు చక్రం మీదే పడిందనుకుంటే, అది సుమారు 460 కిలోల బరువుతో సమానమైన పక్కతోపు. ఆ తోపు తగిలేది టైరు నేలను తాకే చోట, అంటే ఇరుసు మధ్య నుంచి దాదాపు 29 సెంటీమీటర్ల కింద. ఫలితంగా సుమారు 1,300 న్యూటన్ మీటర్ల తిప్పుబలం ప్రతి మలుపులోనూ చక్రాన్ని ఒరగదీయాలని చూస్తుంది. దాన్ని ఎదుర్కొనేది కొన్ని సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు వరుసల గుండ్లు మాత్రమే.

గుండ్ల బేరింగ్ ఆయుష్షుకు ఇంజనీర్లు వాడే సూత్రం ఒకటుంది: భారం పెరిగిన కొద్దీ ఆయుష్షు దాని ఘనం లెక్కన తగ్గుతుంది. భారం రెట్టింపైతే ఎనిమిదో వంతు, మూడింతలైతే ఇరవై ఏడో వంతు మిగులుతుంది. ఊళ్లో ఎప్పుడైనా ఒకసారి 0.3 జీ దాటే కారును ట్రాక్ మీద ల్యాపుకు పది పన్నెండు మలుపుల్లో 1.1 జీకి తోస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇదొక్కటే చాలు. కానీ దెబ్బ ఒక వైపు నుంచే రాదు. ట్రాక్ అంచున ఎత్తుగా కట్టిన కర్బుల మీదికి చక్రం ఎక్కినప్పుడల్లా తగిలే కుదుపు, గుండ్లు దొర్లే దారిలో సన్నని గుంటలు పెడుతుంది. బ్రేక్ డిస్కు కొన్ని వందల డిగ్రీల సెల్సియస్‌కు కాగి ఆ వేడిని నేరుగా హబ్‌లోకి పంపుతుంది. గ్రీజు పలచబడుతుంది, రబ్బరు సీలు ఎండి పగులుతుంది, గ్రీజు బయటికి కారుతుంది. ఆ తర్వాత బేరింగ్ పోవడానికి ఎంతోసేపు పట్టదు.

షెడ్డులో మెకానిక్ దీన్ని తేలిగ్గానే పసిగడతాడు. కారును జాకీతో ఎత్తి, చక్రాన్ని పైనొక చేత్తో కిందొక చేత్తో పట్టి ఊపితే ‘ప్లే’ తెలుస్తుంది. డ్రైవరుకు మాత్రం అది మొదట బ్రేకులో తెలుస్తుంది. హబ్ వదులైతే డిస్కు అటూ ఇటూ ఊగి ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. తరువాతి మలుపుకు ముందు బ్రేకు తొక్కితే పెడల్ మామూలు కంటే లోతుకు వెళ్లిపోతుంది. బ్రేకులో గాలి చేరిందనుకుని ఆయిల్ మార్చి, అసలు రోగాన్ని అలాగే వదిలేసేవాళ్లు తక్కువేమీ కాదు.

ఈ చిక్కంతా కళ్లకు కట్టే కారు మాజ్డా మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం ముందుకొచ్చిన ఈ రెండు సీట్ల చిన్న కారు అమెరికా ఔత్సాహిక రేసింగుకు ఆధారంగా మారింది. దాని మీద కట్టిన ‘స్పెక్ మియాటా’ తరగతి 2006లో ఎస్‌సీసీఏ జాతీయ తరగతుల్లో చేరింది. అందరికీ ఒకే కారు, ఒకే సస్పెన్షన్, 15 అంగుళాల వ్యాసం 7 అంగుళాల వెడల్పున్న చక్రాలు, ఆ చక్రాలకు 13 పౌండ్ల కనీస బరువు. డబ్బున్నవాడు కొనుక్కునే వేగాన్ని తగ్గించి, నడపడం వచ్చినవాడిని ముందుకు తేవడమే ఉద్దేశం. మియాటా ముందు చక్రాల హబ్ మాత్రం సీలు వేసి మూసిన ఏకముక్క. విప్పి గ్రీజు పెట్టుకునేలా కంపెనీ దాన్ని తయారు చేయలేదు, ఎందుకంటే అది రోడ్డు కారు. రోడ్డు కారుకు ఆ అవసరమే రాదు.

అందుకే రేసర్లు తమ దారి తాము వెతుక్కున్నారు. కొత్త హబ్ కొనగానే సీలు జాగ్రత్తగా ఊడదీసి, కంపెనీ గ్రీజు కడిగేసి, ఎక్కువ వేడికి తట్టుకునే గ్రీజు నింపడం ఒక పద్ధతి. బిగుతును సరిచేసుకునే వీలున్న బేరింగ్‌తో మార్చి కట్టిన హబ్ కొనడం రెండో పద్ధతి. పాత స్టడ్లు తీసేసి పొడవైన, గట్టి ఉక్కు స్టడ్లు దించడం మూడోది. ఇందుకు ఎక్కువ మంది వాడే ఏఆర్‌పీ స్టడ్లు చదరపు అంగుళానికి 2,00,000 పౌండ్ల లాగుబలానికి నిలుస్తాయని ఆ కంపెనీయే చెబుతుంది. పెద్ద కార్లలో ఇంకో దారి ఉంది. షెవర్లే కార్వెట్ నడిపేవాళ్ల కోసం ఎస్‌కేఎఫ్ తెచ్చిన ‘ఎక్స్-ట్రాకర్’ హబ్‌లో బయటి వరుస గుండ్లు లోపలి వరుస కంటే పెద్ద వలయం మీద, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. మలుపులో చక్రం ఒరగకుండా నిలబెట్టేది ఆ బయటి వరుసే. పైకి చూస్తే కంపెనీ హబ్ లాగే ఉంటుంది, అవే బోల్టులకు బిగుస్తుంది. తేడా అంతా లోపలే.

ఇంప్రూవ్డ్ టూరింగ్ భాషలో ఒక్కసారి దీన్ని చదివి చూడాలి. బయటి కొలత ఒకటే, లోపలి కొలత వేరు. ‘అచ్చంగా సమానం’ అన్న షరతు అక్కడే చెడింది. కారు కాస్త కూడా వేగం పెంచుకోలేదు, ప్రమాదం తగ్గింది, అయినా నిబంధన దాటినట్టే. ఆ నిబంధన రాసినవాళ్లు మూర్ఖులేమీ కాదు. విడిభాగాన్ని కంపెనీ షోరూములోనే కొనాల్సిన పని లేకుండా, సందు చివరి దుకాణంలో కొనుక్కునే స్వేచ్ఛ ఇవ్వడానికే ఆ వాక్యం పెట్టారు. ఆ దుకాణం పేరు మీద మెరుగైన లోహం లోపలికి దూరిపోకుండా చూడడానికే ‘అచ్చంగా’ అన్న మాట చేర్చారు.

ఈ రకం తరగతుల వెనకున్న సూత్రాన్ని అమెరికా రేసర్లు ఒక్క ముక్కలో చెప్పుకుంటారు: చేయొచ్చని రాసి లేకపోతే చేయకూడదు. ప్రపంచ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ అనుబంధం ‘జె’లో గ్రూప్ ఎన్ కార్ల నియమాలూ ఇదే పునాది మీద నిలబడ్డాయి. అనుమతించని ప్రతి మార్పూ నిషిద్ధమే అని అందులో సూటిగా ఉంది. అయినా అదే నియమాల్లో, బోల్టులతో బిగించే చక్రాలను స్టడ్లూ నట్లతో బిగించే పద్ధతికి స్వేచ్ఛగా మార్చుకోవచ్చన్న వాక్యం ఉంది. బీఎండబ్ల్యూ, ఫోక్స్‌వ్యాగన్ లాంటి యూరప్ కార్లలో చక్రాలు బోల్టులతో వస్తాయి. హడావుడిలో చక్రం మార్చేటప్పుడు ఆ బోల్టు మరలు హబ్‌లోపలే అరిగిపోతాయి. స్టడ్డు అయితే అరిగినప్పుడు దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. అంత కఠినమైన పుస్తకం కూడా ఈ అవసరాన్ని గుర్తించి తలుపు తీసింది, ఎంత మేరకో రాసి మరీ తీసింది. ఎస్‌సీసీఏ ఆటోక్రాస్ పోటీల్లో అన్నిటికంటే బిగుతైన ‘స్ట్రీట్’ విభాగం కూడా స్టడ్లను, నట్లను మార్చుకోనిస్తుంది.

ఇలాంటి వాక్యాలే ఈ చర్చకు దారి చూపుతాయి. ఔత్సాహికుల పోటీల్లో హబ్‌ను ఇంజన్ ముక్కలాగా చూడడం సరికాదు. అది అరిగిపోయే భద్రతా సామగ్రి. సీటు బెల్టుకు, హెల్మెట్‌కు ఉన్న హోదా దానికీ ఉండాలి. వేగం పెంచుకునే దారి కాకుండా చుట్టూ కంచె కట్టి, ఆ కంచె లోపల గట్టి ముక్క వేసుకోనివ్వాలి.

దీనికి ఎదురుగా వచ్చే వాదనలు గట్టివే. మొదటిది బరువు. తేలికైన హబ్ వేస్తే చక్రం త్వరగా వేగం అందుకుంటుందని, అందువల్ల అది దొంగదారి అవుతుందని అంటారు. కానీ తిరిగే వస్తువులో బరువు ఎంత అన్నదానితో పాటు, అది కేంద్రం నుంచి ఎంత దూరంలో ఉంది అన్నదీ లెక్కే, అదీ దూరం వర్గం చొప్పున. హబ్ అంచు కేంద్రం నుంచి ఆరేడు సెంటీమీటర్లలో ఉంటే టైరు తొడుగు 29 సెంటీమీటర్లలో ఉంటుంది. తిరుగుడు విషయంలో హబ్ అంచున తగ్గించిన కిలో, టైరు అంచున తగ్గించిన కిలోలో దాదాపు ఇరవయ్యో వంతు పని మాత్రమే చేస్తుంది. ఆ కాస్త లాభం కూడా వద్దనుకుంటే, కంపెనీ హబ్ కంటే తక్కువ బరువు ఉండరాదని ఒక్క వాక్యం రాస్తే చాలు. స్పెక్ మియాటా చక్రాల విషయంలో చేసింది అదే కదా!

రెండో వాదన రాపిడిది, ఇది మొదటిదాని కంటే నిజం. సీలు తీసేసి పలచటి నూనె లాంటి కందెన వేస్తే చక్రం మరింత సులువుగా తిరుగుతుంది. కార్లన్నీ ఒకే వేగంతో పరిగెత్తే తరగతిలో పొడవైన తిన్నని దారి మీద అది అంతో ఇంతో కలిసొస్తుంది. కానీ ఇది కొత్త హబ్ తెచ్చిన మోసం కాదు. పాత హబ్‌తోనూ చేయొచ్చు.

మూడోది అసలైన భయం: హబ్ పేరుతో కారు రూపమే మారిపోవడం. సుబారు ఇంప్రెజా ఎస్‌టీఐ ఇందుకు తగిన ఉదాహరణ. 2004 వరకు ఆ కారు చక్రాలకు ఐదు స్టడ్లు 100 మిల్లీమీటర్ల వలయం మీద ఉండేవి. 2005లో కంపెనీ ఆ వలయాన్ని 114.3 మిల్లీమీటర్లకు పెంచింది. పెద్ద వలయానికి మార్కెట్లో చక్రాలు ఎక్కువ దొరుకుతాయి. పాత కారుకు కొత్త హబ్ వేయాలన్న కోరికలో భద్రత కొంత, చక్రాల మీద మోజు కొంత. ఎస్‌సీసీఏ ఇలాంటి చోట తెలివైన గీత గీసింది. రూలు పుస్తకంలో ఒకే వరుసలో రాసిన మోడళ్ల మధ్య ముక్కలు మార్చుకోవచ్చు, వేర్వేరు వరుసల మధ్య కుదరదు. చక్రం బయటికి జరిగి కారు వెడల్పు పెరిగేలా చేసే హబ్‌ను ఆపాల్సిందే. ఆ మార్పు మలుపులో వేగాన్ని నిజంగానే పెంచుతుంది, చక్రం వెనక దూర్చే పలకలు, అంటే స్పేసర్ల మీద ఆంక్షలకు కారణం కూడా అదే.

స్పేసర్లలో వెడల్పుతో పాటు ఇంకో చిక్కు ఉంది. హబ్‌కూ చక్రానికీ మధ్య పలక దూర్చితే, అంత మేర స్టడ్డు మీద నట్టుకు దొరికే మరలు తగ్గిపోతాయి. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ఇక్కడ రాసిన నియమం ఎంత బాగుందంటే, ప్రతి క్లబ్బూ దాన్ని యథాతథంగా తెచ్చుకోవచ్చు. నట్టు స్టడ్డు మీద పట్టిన మరల పొడవు, స్టడ్డు వ్యాసం కంటే తక్కువ ఉండకూడదు. స్టడ్డు బయటికి ఎంత పొడుచుకొచ్చిందన్నది లెక్కలోకి రాదు. మియాటాలో ఉండే 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు, 1.5 మిల్లీమీటర్ల మర అయితే, నట్టు కనీసం ఎనిమిది చుట్లు తిరగాలి. తనిఖీ చేసేవాడికి కొలబద్ద కూడా అక్కర్లేదు, చుట్లు లెక్కపెట్టడం వస్తే చాలు.

అన్నిటికంటే కష్టమైనది తనిఖీయే. ఎస్‌సీసీఏలో ఒక డ్రైవరు మరొకరి కారు మీద ఫిర్యాదు చేసి విప్పించాలంటే, విప్పి తిరిగి బిగించడానికి అయ్యే ఖర్చును ముందే పూచీగా కట్టాలి. కారు సక్రమంగా ఉందని తేలితే ఆ డబ్బు పోతుంది. సీలు వేసి మూసిన హబ్‌లో ఏ గుండ్లున్నాయో చూడాలంటే దాన్ని పాడు చేయక తప్పదు. ఇన్ని అడ్డంకులున్న చోట ఎవరు ఫిర్యాదు చేస్తారు? చూడలేని నియమం నిజాయతీపరుడి చేతులే కట్టేస్తుంది. నిబంధన చదివి భయపడినవాడు అరిగిపోయే హబ్‌తో తిరుగుతాడు, చదవనివాడు గట్టి హబ్‌తో తిరుగుతాడు. భద్రత విషయంలో ఇంతకంటే అన్యాయమైన పంపకం ఉండదు.

నియమం తప్పితే శిక్ష ఎంత పెద్దదో స్పెక్ మియాటా రేసర్లకు బాగా తెలుసు. 2014లో లగూనా సెకా ట్రాక్ మీద జరిగిన ఎస్‌సీసీఏ జాతీయ పోటీ ‘రనాఫ్స్’లో, ముందు స్థానాల్లో నిలిచిన పలువురు ఇంజన్ హెడ్‌లో కాస్త లోహం అనుమతి లేకుండా చెక్కినందుకు అనర్హులయ్యారు. ఏడాదంతా పడ్డ కష్టం తనిఖీ షెడ్డులో ముగిసిపోయింది. అలాంటి చోట హబ్ మార్చాలనుకునే డ్రైవరు వెనకాడడంలో తప్పు లేదు. తప్పు అతడికి స్పష్టమైన జవాబు ఇవ్వని పుస్తకానిది.

చక్రం ఊడితే ఏమవుతుందో రేసింగ్ చరిత్ర చాలాసార్లు చూసింది. 1998 జులైలో మిషిగన్ ట్రాక్ మీద కారు గోడకు గుద్దుకోగా ఎగిరిన చక్రం జనంలో పడి ముగ్గురు ప్రేక్షకులు చనిపోయారు. 1999 మేలో షార్లెట్‌లో మళ్లీ అలాంటి ప్రమాదమే, మళ్లీ ముగ్గురు. 2000లో మోంజాలో, 2001లో మెల్‌బోర్న్‌లో ఫార్ములా వన్ ప్రమాదాల్లో ట్రాక్ పక్కన విధుల్లో ఉన్న ఒక్కొక్క మార్షల్ ప్రాణాలు చక్రాలే తీశాయి. 2009 జులైలో బ్రాండ్స్ హ్యాచ్‌లో ఊడొచ్చిన చక్రం తలకు తగిలి, పద్దెనిమిదేళ్ల ఫార్ములా టూ డ్రైవరు హెన్రీ సర్టీస్ చనిపోయాడు. ఇవన్నీ కారు గుద్దుకున్నప్పుడు ఊడిన చక్రాలు, హబ్ అరిగి ఊడినవి కావు. కానీ గాల్లోకి లేచిన చక్రానికి తానెందుకు ఊడిందో తెలియదు. ఫార్ములా వన్ 1990ల చివర్లోనే చక్రాలను బలమైన తాళ్లతో కారుకు కట్టేయడం మొదలుపెట్టింది. ఔత్సాహికుడి మియాటాకు ఆ తాళ్లు లేవు. దానికి ఉన్నదల్లా ఆ హబ్ ఒక్కటే.

ఈ విషయం చక్కగా అర్థం చేసుకున్నది, పైకి అల్లరిగా కనిపించే ఒక పోటీ. 2006లో మొదలైన ‘24 అవర్స్ ఆఫ్ లెమన్స్’లో కారు విలువ 500 డాలర్లు దాటకూడదు. అయితే బ్రేకులు, టైర్లు, చక్రాలు, వీల్ బేరింగులు ఆ లెక్కలోకి రావు. చవక కారు నడపండి కానీ చవక బేరింగ్ మీద కాదు అన్నది వాళ్ల నిర్ణయం. ఇందులో ఇంకో మంచి కూడా ఉంది. ఖర్చు దాచాల్సిన పని లేనప్పుడు డ్రైవరు నకిలీ సరుకు వైపు చూడడు. అసలు కంపెనీ పెట్టెలో నకిలీ బేరింగ్ పెట్టి అమ్మే వ్యాపారం ఎంత పెరిగిందంటే, ప్రపంచ బేరింగ్ తయారీదారుల సంఘం ‘స్టాప్ ఫేక్ బేరింగ్స్’ పేరుతో ప్రచారమే నడపాల్సి వచ్చింది. కొలతలు సరిపోయినా లోపలి ఉక్కు పచ్చిదైతే, ‘సమానం’ అన్న షరతు కాగితం మీద తీరినట్టే ఉంటుంది. మూడో రేసులో ఆ హబ్ మాట్లాడుతుంది.

భారతదేశంలో ఈ ప్రశ్నకు ఇంకో పొర ఉంది. ఎఫ్‌ఐఏ గుర్తింపుతో ఇక్కడ మోటారు క్రీడలను నడిపేది ఎఫ్‌ఎంఎస్‌సీఐ. తెలుగు రాష్ట్రాల నుంచి ట్రాక్ మీద నడపాలనుకునేవాళ్లు ఎక్కువగా వెళ్లేది చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైకో, కోయంబత్తూరులోని కారి ట్రాక్‌కో. సొంత కారును అక్కడిదాకా రోడ్డు మీదే తోలుకుపోయి, అదే కారులో తిరిగొచ్చేవాళ్లున్నారు. ర్యాలీ కారైతే ఒక దశ నుంచి మరో దశకు మామూలు రోడ్డు మీదే వెళ్లాలి. అంటే రేసు పుస్తకం ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఒప్పుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే సమర్థించింది. అదే కొలతల్లో మంచి బేరింగ్ వేయించుకోవడానికీ, స్పేసర్లు దూర్చి చక్రాలను ఫెండరు దాటించడానికీ మధ్య ఉన్న దూరం ఇక్కడ చాలా పెద్దది. మొదటిది మరమ్మతు. రెండోది ట్రాఫిక్ పోలీసుకు కంటితో కనపడే మార్పు.

మరి కంచె ఎలా కట్టాలి? ముక్కలన్నీ ఇప్పటికే వేర్వేరు పుస్తకాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. చక్రం బిగిసే ముఖం కంపెనీ ఇచ్చిన చోటే ఉండాలి, బయటికి మిల్లీమీటరు కూడా జరగకూడదు. బరువు కంపెనీ హబ్ కంటే తగ్గకూడదు. లోహం ఉక్కే కావాలి. స్టడ్ల వలయం మారకూడదు. నట్టు మరలకు ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమం వర్తించాలి. ఇన్ని షరతులకు లోబడిన హబ్ లోపల ఎన్ని గుండ్లున్నా, ఏ గ్రీజున్నా అడగకూడదు. పైన చెప్పినవి చాలామటుకు తూకం, కొలబద్దలతోనే తేలిపోతాయి. హబ్‌ను పాడు చేసి లోపల చూడాల్సిన పనే ఉండదు.

ఈ మార్పు కోరే దారి అమెరికా ఔత్సాహికులకు తెరిచే ఉంది. ఎస్‌సీసీఏ సభ్యుడెవరైనా క్లబ్ రేసింగ్ బోర్డుకు ఉత్తరం రాయొచ్చు. ఆ ఉత్తరాలు, వాటి మీద బోర్డు నిర్ణయాలు ‘ఫాస్ట్‌ట్రాక్’ పేరుతో ప్రతి నెలా వెలువడతాయి. ఆ ఉత్తరంలో ఆవేశం కంటే వివరాలు ఎక్కువ పని చేస్తాయి: పాత హబ్ ఎన్ని గంటల రేసింగుకు వదులైంది, కొత్తదాని పార్ట్ నంబరు, రెండింటి బరువు, ముఖం కొలత, ధర, అరిగిన గుండ్ల దారి ఫొటో. జవాబు వచ్చేదాకా నిబంధన ఒప్పుకున్న హబ్‌నే వాడుతూ, ప్రతి సెషన్ తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపి చూసి, నట్లు బిగించాక వాటి మీదుగా హబ్ దాకా రంగుతో ఒక గీత గీసుకుంటే, ఏ నట్టు కదిలినా పిట్ లేన్‌లో నిలబడే కనిపెట్టొచ్చు.